బొమ్మ పడలేదు!

వస్తువు పూర్తిగా చెడిపోతే ఇల్లాలికి పెద్ద దిగులుండదు. బాగుచేయించడమో, పాత సామాన్లవాడి తక్కెట్లో పెట్టడమో ఏదో ఒకటి తేల్చేస్తాం. తల తినేదల్లా సగం చెడిన వస్తువే. పొద్దున వెలిగి సాయంత్రం మొరాయించే స్టవ్వు, మన చేతిలో మూలిగి మెకానిక్కు చేతిలో హాయిగా పాడే మిక్సీ, చుట్టాలుండగా ఒకలాగా వాళ్లు వెళ్లాక ఒకలాగా ఉండే మొగుడు. వీటితో వేగడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా?

సినిమా డిస్కుల పెట్టె కూడా ఈ జాతిదే. ఒక సినిమా వేస్తుంది, ఇంకొకటి వెయ్యదు. ఎందుకు వెయ్యవే అంటే జవాబు చెప్పదు. చెప్పినా ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది.

మా అత్తగారి ఊరు లింగాల ఘనపూర్. జనగామకు దగ్గర్లోనే. నేను చెప్పే సంగతి 2011 ఎండాకాలం సెలవులనాటిది. అప్పటికి ఆ ఊరు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు జనగామ జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలలేదు, చిరునామా కదిలింది.

మామయ్య పోయాక ఆ ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఉండేది. మా దగ్గరికి రమ్మంటే "పొలమెవరు చూస్తరు, బర్రెనెవరు చూస్తరు" అనేది. పొలం కౌలుకిచ్చి ఏళ్లయింది, బర్రెను అమ్మి రెండేళ్లయింది. అయినా అదే మాట. ఆమెకు కాలక్షేపంగా ఉంటుందని మావారు టీవీ పక్కన ఒక డిస్కుల పెట్టె కొనిపెట్టారు. అమెరికాలో ఉన్న మా మరిది, ఎవరు వస్తుంటే వాళ్ల చేత నాలుగేసి సినిమా డిస్కులు పంపేవాడు. వారం వారం ఫోన్ చేసి, "అమ్మా, సినిమాలు చూసినవా?" అని అడిగేవాడు.

"చూసిన కొడుకా, మంచిగున్నయి" అనేది అత్తమ్మ.

తల్లికి నచ్చాయి కదా అని వాడు మళ్లీ నాలుగు పంపేవాడు.

ఆ సెలవుల్లో ఒకనాడు పట్టుచీరలకు ఎండ చూపిద్దామని బీరువా తీశాను. చీరల పక్కన వరుసగా పేర్చి ఉన్నాయి, డిస్కులు. కొన్నింటికి పైనున్న ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు.

"ఇవి చూడలేదా అత్తమ్మా?"

"బొమ్మ పడ్తలేదు బిడ్డా."

"ఏ ఒక్కటీ పడలేదా?"

"కొన్ని పడ్తయి, కొన్ని పడయి. దానికి నచ్చినయే ఏస్తది. కడమయి పెడితే ఇంగిలీసుల నోటీసు ఇస్తది."

"మరి ఫోన్ల చూసిన అని చెప్పిండ్రట గదా?"

అత్తమ్మ చీర మడత సరిచేస్తూ అంది. "ఆడు దినమంత పనిజేసి అలిసిపోయి ఫోన్ జేస్తడు. నువ్వు పంపింది పడలేదురా అని జెప్పాల్నా?"

అంతటితో ఆగినా బాగుండేది. మా మరిది కొడుక్కి అప్పుడు ఆరేళ్లు. వాడికి ప్రాణమైన సినిమా ఒకటుంది. 'ఫైండింగ్ నీమో' అని 2003లో వచ్చిన బొమ్మల సినిమా. సముద్రంలో ఒక చేపపిల్ల తప్పిపోతే తండ్రి చేప వెదుక్కుంటూ పోయే కథ. వాడు తన డిస్కు లాంటిదే నానమ్మకు కూడా పంపించమని పట్టుబట్టి పంపించాడట. ఆ తర్వాత ఫోన్లో, "నానమ్మా, నీలం చేప నీకిష్టమా?" అని అడిగితే ఈవిడ "శాన ఇష్టం బిడ్డా" అందట. "దాని పేరేంటో చెప్పు" అంటే కాసేపు ఆలోచించి "నీలమ్మ" అందట! మనవడు "నువ్వు చూడలేదు, అబద్ధం" అని ఫోన్ తల్లి చేతికిచ్చి వెళ్లిపోయాడట. అప్పటినుంచీ ఆ పిల్లవాడు నానమ్మతో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇదీ అసలు బాధ. సినిమా పడకపోతే ఎవరికి నష్టం? ఆరేళ్ల పిల్లవాడు తనకిష్టమైనదాన్ని ఏడు సముద్రాల అవతలున్న నానమ్మతో పంచుకోవాలనుకున్నాడు. అది మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

నేను చదివింది బి.ఏ., చరిత్రా తెలుగూ. కరెంటు వస్తువులంటే స్విచ్చి వెయ్యడం, ఆపడం వరకే మన పాండిత్యం. కానీ ఒక నవలలో ఇరవైమంది మనుషుల్ని ఎవరెక్కడున్నారో మరిచిపోకుండా నడిపించేదాన్ని, నలభై డిస్కుల్ని వరుసలో పెట్టలేనా అనుకున్నాను. చాప పరిచి కూర్చున్నాను. అత్తమ్మ ఒక్కొక్కటే అందిస్తుంటే, నేను పెట్టెలో వేసి చూస్తూ, ఒకే రకంగా ప్రవర్తించిన వాటిని ఒక కుప్పగా పెట్టాను. సాయంత్రానికి అయిదు కుప్పలయ్యాయి. అయిదు కుప్పలూ తేలగానే సగం గుట్టు తేలిపోయింది. పెట్టెకు వచ్చింది ఒక్క రోగం కాదు.

మొదటి కుప్ప వీసీడీలు. ఇవన్నీ చక్కగా పడ్డాయి. ఒక్కో డిస్కులో సుమారు 74 నిమిషాల బొమ్మే పడుతుంది కాబట్టి మన రెండున్నర గంటల సినిమాకు రెండు డిస్కులు, పెద్ద సినిమా అయితే మూడు. సరిగ్గా ఏడుపు సీనులో డిస్కు మార్చాల్సివచ్చేది, గుర్తుందా?

వీసీడీలు పడి డీవీడీలు పడకపోయినా, అది పడి ఇది పడకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వీసీడీ గీతలు కొంచెం ఎడంగా ఉంటాయి. డీవీడీ గీతలు దానిలో సగం ఎడం కూడా ఉండవు. ఒకటి గోనెసంచి కుట్టు, ఒకటి జాకెట్టు కుట్టు. దబ్బనంతో జాకెట్టు కుట్టలేం కదా. అందుకే పెట్టెలో రెండు రకాల లేజర్ కాంతులుంటాయి. వీసీడీకి కంటికి కనిపించని 780 నానోమీటర్లది, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రనిది. ఒకటి నీరసించినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. ఒక రకం డిస్కులన్నీ మానేసి రెండో రకం అన్నీ వేస్తుంటే తప్పు డిస్కులది కాదు, పెట్టెలోని కంటిది. అత్తమ్మ పెట్టె డీవీడీలు కొన్ని వేస్తోంది కాబట్టి కళ్లు రెండూ బాగానే ఉన్నట్టు.

రెండో కుప్ప మన దగ్గర కొన్న డీవీడీలు. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక మనలాంటి వాళ్ల ఇళ్లలోకి కూడా అసలు సిసలు డిస్కులు వచ్చాయి. అంతకుముందు సినిమా అంటే అద్దెకు తెచ్చుకోవడమే. ఈ కుప్పలో చాలావరకు పడ్డాయి. 'మాయాబజార్' మాత్రం మధ్యలో ఆగింది. అదీ ఎక్కడ? ఘటోత్కచుడు పెళ్లివంటల దగ్గరికి చేరేలోపల! అత్తమ్మ అన్నీ భరిస్తుంది గానీ ఇది భరించలేదు.

మూడు గంటలు దాటిన సినిమా అది. డీవీడీలో ఒక పొరకు 4.7 గిగాబైట్ల చోటుంటుంది. అది చాలనప్పుడు రెండో పొర వేస్తారు, మిఠాయిలో పొర మీద పొర వేసినట్టు. పెట్టెలోని కన్ను పై పొర ముగించి, లోపలి పొర మీదికి చూపు మార్చుకోవాలి. కంటి మీద దుమ్ముంటే ఆ మార్పు దగ్గర తడబడుతుంది. ఎప్పుడు వేసినా సినిమా నడుమ అదే చోట ఆగితే ముందు అనుమానించాల్సింది ఇదే. దుమ్ము తుడిచే డిస్కులు దొరికేవి, చిన్న కుచ్చు ఉండేది వాటికి. అది ఒకసారి తిప్పి, డిస్కును కూడా తుడిచాక పెళ్లివంట పూర్తయింది.

డిస్కు తుడవడంలోనూ ఒక పద్ధతుంది. మనం పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా తుడుస్తాం. అలా తుడవకూడదు. డిస్కు మీద బొమ్మంతా లోపలినుంచి బయటికి సుడి తిరిగిన ఒకే గీతగా ఉంటుంది. గుండ్రంగా పడ్డ గాటు ఆ గీత పొడుగునా పోతుంది. నిలువుగా పడ్డ గాటు గీతను అడ్డంగా ఒక్క చోట దాటిపోతుంది. ఆ కాస్త లోటును పెట్టె తానే లెక్కకట్టి పూడ్చుకుంటుంది. కాబట్టి మెత్తని పాత నూలుబట్టతో నడుమనుంచి అంచుకు, తిన్నగా. జరీ ఉన్న కొంగుతో మాత్రం వద్దు.

ఇంకొక మాట. వీసీడీల మీద పేర్లు రాసి కాగితాలు అంటించే అలవాటు చాలామందికి ఉంది. వీసీడీలో బొమ్మ ఉండే పొర పైన అచ్చు వేసిన వైపునే, దాదాపు చర్మం కిందే ఉంటుంది. అంటించిన కాగితం ఊడబెరికితే సినిమా కూడా దాంతోపాటే ఊడివస్తుంది. డీవీడీకి ఆ గొడవ తక్కువ. రెండు పలకల మధ్య బొమ్మ భద్రంగా ఉంటుంది.

మూడో కుప్ప సంగతి కొంచెం సిగ్గుపడుతూ చెప్పాలి. జాతరలో అమ్ముతుంటే ఎవరో తెచ్చి ఇచ్చినవి. మా మండలంలోనే ఉన్న జీడికల్ రాములవారి గుడికి మంచి పేరుంది. దేవుడి దగ్గరికి పోయి దొంగ సరుకు కొనుక్కురావడం మనకే చెల్లింది! ఒక్క డిస్కులో అయిదారు సినిమాలు. వీటిలో కొన్నింటికి మాట వినిపించింది, బొమ్మ రాలేదు. కొన్నింటికి అదీ లేదు.

పెట్టెలో పది చీరలు పట్టేచోట యాభై కుక్కాలంటే ఏదో ఉపాయంగా మడవాలి. అలా మడిచిన చీరను విప్పడం తెలిసినవాళ్లే విప్పాలి. సినిమాను కుదించే పద్ధతులు చాలా ఉన్నాయి. పెట్టె తయారైననాడు ఏ మడతలు విప్పడం నేర్పారో అవే విప్పుతుంది. ఏవి విప్పగలదో పెట్టె ముందువైపు చిన్న చిన్న గుర్తులు వేసి ఉంటాయి. అత్తమ్మ పెట్టె మీద ఆ గుర్తు లేదు. అయితే వీటికోసం ఎవరూ కన్నీరు పెట్టలేదు. ఆ కుప్పను తీసి పక్కన పారేశాం.

నాలుగోది అమెరికాలో కొన్న తెలుగు సినిమాలు, మా మరిది అక్కడ కెమెరాతో తీసి పంపిన ఇంటి డిస్కులు. ఇవి పడ్డాయి. కానీ రంగులు లేవు, బొమ్మ కిందినుంచి పైకి దొర్లుతూనే ఉంది. "మనుమని మొకం నిలుస్తలేదు బిడ్డా, నీళ్లల్ల చూసినట్టున్నది" అంది అత్తమ్మ.

ఇందులో తప్పు పెట్టెది కాదు, డిస్కుది అంతకంటే కాదు. మన దేశంలో టీవీ బొమ్మను 625 గీతలుగా, సెకనుకు 25 సార్లు గీస్తారు. పాల్ పద్ధతి అంటారు దాన్ని. అమెరికాలో 525 గీతలు, సెకనుకు దాదాపు 30 సార్లు. అది ఎన్‌టీఎస్‌సీ. మన కరెంటు సెకనుకు 50 సార్లు కొట్టుకుంటే వాళ్లది 60 సార్లు కొట్టుకుంటుంది. మొదట్లో ఆ లెక్కను బట్టే ఈ తేడా వచ్చింది. రంగులు కలిపే తీరు కూడా వేరు. తర్వాత వచ్చిన టీవీలు రెండు భాషలూ నేర్చుకున్నాయి. అత్తమ్మ టీవీ పాతది, దానికి మాతృభాష ఒక్కటే వచ్చు.

ఇది చిటికెలో తీరిపోయే చిక్కు. రిమోట్ మీద 'సెటప్' అనే మీట ఉంటుంది. అది నొక్కితే వచ్చే పట్టికలో 'టీవీ సిస్టమ్' అని ఒక వరుస. అందులో 'ఆటో' అని ఉన్నదాన్ని 'పాల్' అని మార్చాను. పెట్టె దుబాసీ పని మొదలుపెట్టింది. బొమ్మ నిలబడింది, రంగులొచ్చాయి. ఏడాది నిండని మనవడు సోఫా పట్టుకొని నిలబడి, చెయ్యి వదిలి, మొదటి అడుగు వేసి, కూలబడ్డాడు. వెనకనుంచి మా మరిది గొంతు, "అమ్మా, చూడు చూడు" అంటూ.

అయిదేళ్ల కింద అన్న మాట అది. అత్తమ్మ ఆనాడు చూసింది. "చూస్తున్న కొడుకా" అంది టీవీతో. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇక మిగిలింది అయిదో కుప్ప. నోటీసు ఇచ్చేవి. అందులోనే ఉంది నీమో.

అట్ట వెనకవైపు చూస్తే చిన్న భూగోళం బొమ్మ, దాని మీద 1 అనే అంకె. సినిమా కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలుగా పంచుకుని ఒక్కో ముక్కకు ఒక్కో నంబరు ఇచ్చాయి. అమెరికా, కెనడా 1. ఐరోపా, జపాన్ 2. ఆగ్నేయాసియా 3. ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా 4. మనమూ, రష్యా, ఆఫ్రికాలో చాలా దేశాలూ 5. చైనా 6. విమానాలకూ ఓడలకూ కూడా 8 అని ఒక నంబరుంది. పొలాలకు సర్వే నంబర్లు ఉన్నట్టు ఆకాశానికీ సముద్రానికీ కూడా వేశారన్నమాట! ఒక నంబరు డిస్కు ఇంకో నంబరు పెట్టెలో ఆడకూడదు.

ఎందుకంటారా? ఒక సినిమా అమెరికాలో ముందు విడుదలై, మన దగ్గర కొన్ని నెలలకు వచ్చేది. అక్కడి డిస్కు ఇక్కడికి ముందే వచ్చేస్తే ఇక్కడి థియేటర్లకు ఎవరు వెళ్తారు? పైగా ఒక్కో దేశంలో ఒక్కో ధర. అగ్గువ దొరికేచోట కొని ప్రియమైనచోట అమ్మకుండా కంచె. వ్యాపారస్తుడి వైపునుంచి చూస్తే న్యాయమే అనిపిస్తుంది. కానీ ఆ కంచె కట్టినవాళ్లకు, కొడుకు 1 లోనూ తల్లి 5 లోనూ ఉండే ఇళ్లు కొన్ని ఉంటాయని తట్టినట్టు లేదు. డబ్బు పెట్టి కొన్నదే. దొంగ సరుకు కాదు. అయినా తల్లి ఇంట్లో దానికి ప్రవేశం లేదు.

నేను ఫోన్ చేస్తే మావారు ఒక ఉపాయం చెప్పారు. మా కంప్యూటర్లో డిస్కు పెట్టే చోటు ఉంది, దాని నంబరు 5 నుంచి 1 కి మార్చుకోవచ్చట. అయితే అలా అయిదుసార్లే మార్చనిస్తుంది. అయిదోసారి ఎక్కడుంటే ఇక శాశ్వతంగా అక్కడే. "ఆడపిల్లకు పెళ్లి చేసినట్టుంది మీ కంప్యూటరు" అన్నాను. ఆడపిల్లకు ఒక్కసారే అవకాశం, దానికి అయిదు. కంప్యూటరే నయం! ఆ ఉపాయం నాకు నచ్చలేదు. కంప్యూటరు హైదరాబాదులో, నానమ్మ లింగాల ఘనపూర్‌లో. సినిమా కోసం ఆమెను తీసుకుపోవడం కాదు, సినిమా ఆమె ఇంటికి రావాలి.

మర్నాడు పెట్టెను పాత దుప్పట్లో చుట్టి బస్సెక్కి జనగామ వెళ్లాను. ఒక రిపేరు దుకాణంలో ఇరవైయేళ్లయినా నిండని పిల్లవాడు కూర్చున్నాడు. పెట్టె విప్పుతాడేమో అని చూస్తున్నాను. అతను స్క్రూడ్రైవర్ కూడా ముట్టుకోలేదు.

"అక్కా, దీని రిమోట్ తెచ్చినవా?"

తెచ్చాను. డిస్కు పళ్లెం బయటికి తీసి, రిమోట్ మీద ఏవో అంకెలు వరసగా నొక్కాడు. టీవీ మీద అంతకుముందెన్నడూ చూడని పట్టిక ఒకటి తెరుచుకుంది. అందులో 5 అని ఉన్నచోట 0 చేశాడు. సున్నా అంటే ఏ కంచే లేదని. కంపెనీవాళ్లే దాచిన తలుపు అది. ఒకే రకం పెట్టెను అన్ని దేశాలకూ చేసి, ఏ దేశానికి పోయేదానికి ఆ నంబరు పెడతారు. అన్ని పెట్టెల్లోనూ ఇలా కుదరదు, ఒక్కో కంపెనీకి ఒక్కో వరస. కాబట్టి ఆ అంకెలు రాసి మీకు ఇచ్చినా ప్రయోజనం ఉండదు.

"ఎంతయ్యా?" అంటే, "అయిదు నిమిషాల పనికేం తీసుకుంటనక్కా, చాయ్ పైసలియ్యి" అన్నాడు. వందకాగితం ఇస్తే యాభై తిరిగిచ్చాడు. ఆ పిల్లవాడి పేరు కూడా నేను అడగలేదు.

ఆ రాత్రి అత్తమ్మ నీమో చూసింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేను పక్కన కూర్చొని చెప్పబోతే, "నాకు సమజైతాందిలే, నువ్వు ఊకో" అంది. పిల్లను వెదకడానికి భాషెందుకు? నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండని ఆ నీలం చేప వచ్చినప్పుడల్లా "అచ్చం మా అత్త లెక్కనే" అని నవ్వింది.

ఆదివారం ఫోన్ వచ్చింది. మా మరిది మాట్లాడాక, "ఒక్కసారి పిల్లగానికియ్యి" అని అడిగి మరీ తీసుకుంది.

"బిడ్డా, నీ చేపల సినిమా చూసిన. ఆ నీలం చేపకు మతిమరుపు. దాని పేరు డోరీ అని మీ పెద్దమ్మ చెప్పింది. నేను నీలమ్మనే అంట, నాకు గదే మంచిగున్నది."

అవతలినుంచి కేరింత నాకు కూడా వినిపించింది. తర్వాత మళ్లీ కొడుకు ఫోన్ అందుకున్నాడు. ఆవిడ తాపీగా తన విమర్శ వినిపించింది. "ఆ తండ్రి చేప మంచోడు రా. పిల్లగాడు దప్పిపోతే సముద్రమంత ఎతికిండు. గని పిల్లగాడు గూడ తప్పే. అంత దూరం పోవద్దంటే ఇన్నడా? నువ్వు ఇన్నవా?"

అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ ఏడాది దసరాకు మా మరిది పెళ్లాం పిల్లలతో వచ్చాడు. సినిమావల్లనే వచ్చాడని నేను అనను. టికెట్లు అంతకుముందే కొన్నాడేమో కూడా.

ఇప్పుడీ ముచ్చటంతా పాతదయిపోయింది. డిస్కుల తర్వాత బ్లూరే వచ్చింది. అది ప్రపంచాన్ని ఆరు ముక్కలకు బదులు మూడే చేసింది. మనది 'సి'. దానికి ఇంకో పేచీ ఉంది. కొత్త సినిమాలకు కొత్త తాళాలు వేస్తుంటారు. పెట్టెకు ఎప్పటికప్పుడు ఆ తాళపుచెవులు అందించకపోతే నిన్నటి సినిమా వేసిన పెట్టే ఇవాళ్టిది వెయ్యనంటుంది. అమెరికాలో పోస్టులో డిస్కులు పంపే వ్యాపారంతో మొదలైన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ పంపకం మానేసింది. ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. సినిమాలన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. కంచె తొలగిందనుకుంటున్నారా? లేదు. అమెరికాలో మా మరిది చూసిన సినిమాను ఇక్కడ వెదికితే, 'మీ ప్రాంతంలో లభ్యం కాదు' అని వస్తుంది కొన్నిసార్లు. నోటీసు అదే, కాగితం మారింది.

దుకాణంలో కొన్న సినిమా పోతే పోయింది, ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతుంది. ఇంట్లో తీసుకున్న డిస్కుల సంగతే వేరు. ఫ్యాక్టరీలో డిస్కును అచ్చు పోస్తారు. ఇంట్లో చేసుకున్న డిస్కులో రంగు పూత మీద కాంతితో రాస్తారు. ఆ పూత ఎండకూ వేడికీ ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది, చీర రంగు వెలిసినట్టే. చీర వెలిస్తే కంటికి కనిపిస్తుంది. ఇది కనిపించదు. చూడ్డానికి తళతళలాడుతూనే ఉంటుంది, లోపల ఏమీ మిగలదు.

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మా మరిది పంపిన ఆరు ఇంటి డిస్కుల్నీ తీశాను. అయిదు పడ్డాయి. మొదటి అడుగుల డిస్కు పడలేదు. పెట్టెలో పడలేదు, మా కంప్యూటర్లోనూ పడలేదు. గుండె ఝల్లుమంది. ఒకచోట పడనిది ఇంకోచోట పడుతుందని ఎవరో చెబితే, తెలిసినవాళ్ల ఇంట్లోని పాత కంప్యూటర్లో పెట్టి చూశాం. మూడోసారికి, కదలనా వద్దా అన్నట్టు కదిలింది. వెంటనే అన్నీ రెండు చోట్ల నకలు తీసి పెట్టాం. ఇప్పుడు ఇరవైయేళ్లు దాటిన ఆ మనవడు తన మొదటి అడుగును ఫోన్లో చూసుకుని, "నానమ్మకు చూపించారా?" అని అడిగాడు.

మీ ఇంట్లోనూ ఏ అల్మారా పైనో ఒక అట్టపెట్టె ఉండే ఉంటుంది. పెళ్లి డిస్కు, బారసాల డిస్కు, ఓణీల ఫంక్షన్ డిస్కు. ఇప్పుడు లేనివాళ్లు వాటిలో నడుస్తూ, అక్షింతలు వేస్తూ, కెమెరా వైపు చూసి మొహమాటంగా నవ్వుతూ ఉంటారు. ఈ ఆదివారం వంట తొందరగా ముగించి ఆ పెట్టె దించండి. పడుతున్నాయో లేదో చూడండి, పడుతుండగానే నకలు తీయించండి.

అలాగే ఊళ్లో పెద్దవాళ్లు ఉంటే, వాళ్లకు పంపిన వస్తువు ఎలా ఉందని ఫోన్లో అడిగి ఊరుకోకండి. "మంచిగున్నది" అనే అంటారు వాళ్లు. ఒకసారి వెళ్లి బీరువా తెరిచి చూడాలి.